పక్క బాణాలు

మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడి బస్సు నడిపే బాలేష్‌కు దయ్యాలంటే భయం లేదు, పోలీసులంటే కొంచెం ఉంది, కంప్యూటరంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. అందుకే ఏదో కాలేజీలో సైకాలజీ చదివే అశ్రిత అనే అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, డ్రైవర్లు ఎప్పుడు, ఎందుకు పొరబడతారో పరిశోధన చేస్తున్నానని చెప్పగానే, బస్సు కడుగుతున్నట్టు నటించి దాని వెనకాల దాక్కున్నాడు. ప్రిన్సిపాల్ పిలిచాక రాక తప్పలేదు.

చూడటానికి అది చిన్నపిల్లల ఆట. తెర మీద వరసగా బాణాలు వస్తాయి. నడిమి బాణం ఎటు చూస్తే అటువైపు బొత్తాం నొక్కాలి, పక్క బాణాలను పట్టించుకోకూడదు. అంతే. బాణాలన్నీ ఒకే దిక్కు చూసినంతసేపూ బాలేష్ రాజాలా నొక్కాడు. ఆ తర్వాత నడిమిది ఎడమకు, పక్కవన్నీ కుడికి తిరిగాయి. ఎడమ అని అతనికి తెలుసు. నోటితో అంటున్నాడు కూడా. చెయ్యి మాత్రం పోయి కుడి బొత్తాం మీద పడింది. ఈసారి జాగ్రత్తగా ఉందామని పళ్లు బిగించాడు. మళ్లీ అక్కడే పడింది.

"పరేషాన్ గాకు అంకుల్," అంది అశ్రిత. "గిట్ల అందరికీ అయితది. పక్కవి కంట్ల పడంగనే చెయ్యి తొందరపడ్తది. నడిమిది సమజయ్యేలోపే తప్పు అయిపోతది. నీ పేరు ఎవ్వరికీ చెప్పం."

"అందరికీ" అన్న మాట బాలేష్ చెవికి ఎక్కలేదు. "తప్పు అయిపోతది" అన్నదే ఎక్కింది. బొత్తాం తప్పితే తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. స్టీరింగ్ తప్పితే? వెనకాల బస్సు నిండా పిల్లలుంటారు.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. రావల్కోల్‌లో పుట్టిన బాలేష్ లారీ క్లీనరుగా బతుకు మొదలుపెట్టి డ్రైవరయ్యాడు. పక్క గుర్తులే అతని చదువు. ముందు లారీవాడు కుడి ఇండికేటర్ వేశాడంటే సైడ్ ఇచ్చాడని, దాటిపొమ్మంటున్నాడని అర్థం. ఆ లైటును చేసినవాడు బండి తిప్పడానికి చేశాడు, మనవాళ్లు వెనకవాణ్ణి దాటించడానికి వాడుకుంటున్నారు. రెండింటిలో ఏదో తేల్చుకునే భారం వెనకవాడిదే, తేల్చుకోలేకపోతే వాడి ఖర్మ. బాలేష్ ఏనాడూ తేల్చుకోలేదు. లైటు మినుకుమంటే చాలు, చెయ్యి దానంతటదే కదిలేది. దానికి అనుభవం అని పేరు పెట్టుకుని పదిమందిలో గొప్పలు పోయాడు.

ఆ సాయంత్రం అన్నం సహించలేదు.

"ఏందయ్యా, గట్ల చేతులు సూస్కుంట గూసున్నవ్?" అని భార్య వినోద అడిగింది.

"నా చెయ్యి నా మాట ఇంటలేదే."

"ఏనాడు ఇన్నది? రిమోట్ పట్టుకుంటే ఇడువది," అని ఆమె నవ్వింది. అతని ముఖం చూశాక నవ్వు ఆపేసి, కంచం పక్కకు జరిపి దగ్గరగా కూర్చుంది.

పొద్దున్నే షామీర్‌పేటలో పిల్లలను ఎక్కించుకుని మేడ్చల్ దారి పట్టాడు. బస్సులో పిల్లలను చూసుకునే జంగమ్మ తలుపు దగ్గర కూర్చుంది. రోజూ పోయే దారే, కానీ ఆ వేళ రోడ్డు పొడుగునా బాణాలే కనిపించాయి. ప్లాట్లు అమ్మేవాళ్ల బోర్డుల మీద బాణాలు, ఫంక్షన్ హాలు ఫ్లెక్సీ మీద బాణాలు, హోటల్ గోడ మీద మెరిసే బాణం. ఒక్కొక్కటీ అతని కన్నును కొంచెం గుంజుకుంది. చెమటకు స్టీరింగ్ జారుతోంది. వెనకాల ఎవరో పిల్ల ఎక్కాలు చదువుతోంది.

ముందు ఒక కంకర టిప్పర్ మెల్లగా పోతోంది. ఉన్నట్టుండి దాని కుడి లైటు మినుకుమంది.

బాలేష్ కాళ్లూ చేతులూ దాటడానికి సిద్ధమయ్యాయి. అప్పుడే నడిమి బాణం గుర్తొచ్చింది. లైటును వదిలేసి టిప్పర్‌నే చూశాడు. దాని ముందు చక్రాలు కుడికి తిరుగుతున్నాయి. ఎదర కుడివైపున ప్లాట్ల వెంచర్ గేటు ఉంది. వాడు సైడ్ ఇవ్వడం లేదు, తిరుగుతున్నాడు.

బ్రేక్ మీద నిలబడ్డంత పని చేశాడు. బస్సు ఆగింది. హమ్మయ్య, ఈసారి చెయ్యి మాట విన్నది అనుకున్నాడు.

అంతలో బస్సు కుడి పక్క నుంచి ఒక మోటార్ సైకిల్ దూసుకొచ్చింది. దాని మీద భార్యాభర్తలు, మధ్యలో చంటిపిల్ల. టిప్పర్ సరిగ్గా వాళ్లకు అడ్డంగా తిరిగింది. బండి జారి పడింది. టిప్పర్ వెనక చక్రం ఆ తల్లి చీర కొంగును తొక్కి ఆగింది. ఆ తర్వాత చంటిపిల్ల ఏడ్చింది.

బాలేష్ కిందికి దిగి పరుగెత్తాడు. ముగ్గురూ బతికే ఉన్నారు, మోకాళ్లు మాత్రం కొట్టుకుపోయాయి. టిప్పర్‌వాడు లబలబలాడుతున్నాడు. మోటార్ సైకిల్ మనిషి వాణ్ణి పట్టించుకోలేదు, బాలేష్‌ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అర్థంకాకపోవడం మాత్రమే ఉంది.

"నువ్వే గదన్నా సైడ్ ఇచ్చినవ్," అన్నాడు.

బాలేష్ వెనక్కి తిరిగి చూశాడు. తన బస్సు కుడి లైటు వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. ఎప్పుడు వేశాడో గుర్తు లేదు. ముందు టిప్పర్ లైటు కంట్లో పడగానే, దాన్ని దాటబోతూ చెయ్యి ఆ పని చేసేసింది. నడిమి బాణం గుర్తుకు రాకముందే చేసేసింది.

"అవునన్నా. నేనే ఇచ్చిన," అన్నాడు.

బస్సెక్కి లైటు ఆపాడు. పిల్లలంతా కిటికీలకు అతుక్కుని అతణ్ణే చూస్తున్నారు.

"జంగమ్మక్కా, సార్‌కు ఫోన్ జెయ్యి. ఇంకో డ్రైవర్‌ను తోలమను."

"ఏమైందిరా? బండి ఖరాబైందా?"

"బండి బాగనే ఉంది," అని బాలేష్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.