తినే చెయ్యి, విసిరే చెయ్యి

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు పరకాలలో, బడి గ్రౌండులో పిల్లల చేత కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు గీయిస్తుండగా అందింది. ఫోన్ చేసింది ఆయన కొడుకు. "అక్కా, అబ్బా పోయిండు. పొద్దుగాల చాయ్ అడిగిండు, అమ్మ తెచ్చేటాల్లకు లేడు. పగటాల జోహర్ నమాజ్ అయినంక తీస్కపోతం. నువ్వు జర జల్ది రా" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, గీత ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి మిగతాది నేనే గీశాను. వంకరగా వచ్చింది. దాన్ని అలాగే వదిలేసి వరంగల్ బస్సెక్కాను.

మా దగ్గర తుపాకీ కాల్చడం నేర్చుకున్న వాళ్లందరికీ ఆయన ఉస్తాదే. పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యారు. తర్వాత ఊరి చివర ఉన్న చిన్న రైఫిల్ రేంజ్‌లో, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ నేర్పుతూ గడిపారు. ఆరడుగుల మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత టూత్ బ్రష్ ఉండేది, పళ్లకు కాదు, రైఫిల్ బోల్టు తుడవడానికి.

నేను ఆయన దగ్గరికి పోయి పన్నెండేళ్లయింది. అప్పటికి నాకు ముప్పై. వ్యాయామ టీచరుని, కబడ్డీ తప్ప ఇంకో లోకం తెలియదు. మోకాలు చెడి, ఇక కోర్టులో దిగొద్దని డాక్టరు చెప్పాక ఇంట్లో అందరి మీదా అరుస్తూ కూర్చున్నాను. పడుకుని ఆడే ఆట ఏదైనా ఉందా అని కసిగా వెతికితే ఇది దొరికింది.

మొదటి రోజే ఆయన అడిగారు, "బేటీ, నీ తినే చెయ్యి ఏది?" అని. మా వైపు పల్లెల్లో పెద్దవాళ్లు కుడి, ఎడమ అనరు. కుడిని తినే చెయ్యి అంటారు. నేను కుడి చెయ్యి ఎత్తి చూపించాను. అందులో అబద్ధం లేదు. చిన్నప్పుడు పుర్రచేత్తో ముద్ద ఎత్తినప్పుడల్లా మా నాయనమ్మ గరిటెతో కొట్టి కొట్టి ఆ చేతిని కంచానికి దూరం చేసింది. బళ్లో పంతులు అదే పని పలక దగ్గర చేశాడు. నాది ఏ చేతివాటమో నేనే మరచిపోయాను.

అలా రైఫిల్ నా కుడి భుజానికి ఎక్కింది. రెండు నెలలు కాల్చాను. గురి అట్ట మీద నా చిల్లులు పొలంలో చల్లిన విత్తనాల్లా ఎక్కడివక్కడ పడేవి. పక్కన కాలేజీ పిల్లలు పదులు కొడుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఉస్తాద్ మాత్రం "ఫికర్ చేయకు, వస్తది" అంటూ మోచెయ్యి సరిచేసేవారు, ఊపిరి సరిచేసేవారు.

ఒకరోజు ఇక చాలనుకున్నాను. బోల్టు తెరిచి, రైఫిల్ ఖాళీ చేసి, చాప మీద పెట్టి, రేంజ్ వెనక్కి పోయాను. అక్కడ గోడ మీద ఎవరో వదిలేసిన నూనె డబ్బా ఉంది. కోపంగా రాయి తీసి కొట్టాను. డబ్బా కింద పడింది. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఇంకోటి కొట్టు." డబ్బాను మళ్లీ గోడ మీద ఆయనే పెట్టారు. కొట్టాను. "ఇంకోటి." అదీ తగిలింది. అప్పుడు చూసుకున్నాను, రాయి నా ఎడమ చేతిలో ఉంది.

రెండు చేతులూ కలిపి మధ్యలో చిన్న సందు చేయించి, అందులోంచి డబ్బాను చూడమన్నారు. ఒక కన్ను మూయమన్నారు, తర్వాత రెండోది. ఎడమ కన్ను మూసినప్పుడు డబ్బా మాయమైంది, అంటే నా గురి చూసే కన్నూ ఎడమదే. ఆయన నెత్తి కొట్టుకున్నారు. "తప్పు నాదే బేటీ. తినే చెయ్యి అడిగిన. రాయి విసిరే చెయ్యి అడగాలె. రెండు నెల్లు నిన్ను ఉత్తగనే సతాయించిన, మాఫ్ చెయ్యి."

అంత పెద్దమనిషి నన్ను క్షమాపణ అడిగారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ చేతిని అప్పటిదాకా తిట్టినవాళ్లే గానీ, దానికి పని చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు నుంచి రేంజ్‌కు ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న మారిపోయింది.

మేం కాల్చేది పాయింట్ టూ టూ రైఫిల్. దాని తూటా చిటికెన వేలి పై కణుపంత ఉంటుంది. మందు దాని అడుగు అంచులో ఉంటుంది, పిన్ను పోయి ఆ అంచును కొడితే పేలుతుంది. అందుకే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. తూటా లేకపోతే ఆ దెబ్బ లోపలి ఇనుముకే తగులుతుంది కదా. "ఎవలిది ఆ ఖాళీ టక్కు?" అని రేంజ్ ఆ చివర నుంచి అరిచేవారు. చెవికి ఆ చప్పుడు అంత తేడాగా ఎలా వినిపించేదో నాకిప్పటికీ తెలియదు.

కొత్తవాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి రైఫిళ్ల పేర్లు వల్లించేవారు. ఆయన ఓపికగా అన్నీ విని, "పేర్లు మంచిగున్నయ్. ఇగ కండ్లు మూసుకో" అనేవారు. ఖాళీ రైఫిల్ చేతికిచ్చి, భుజానికి హాయిగా ఆనించుకోమనేవారు. "ఇప్పుడు తెరువు. సైటు కంటికి ఎదురుంగ ఉంటే అది నీ తుపాకి. లేకుంటే పక్కోనిది. మెడ తుపాకికాడికి పోవద్దు, తుపాకే మెడకాడికి రావాలె." తూటాల సంగతి కూడా అంతే. ఒక్కో రైఫిల్‌కు ఒక్కో రకం పడుతుందనేవారు, నాలుగు రకాలు కాల్చి చూడనిదే డబ్బా కొననిచ్చేవారు కాదు.

ఓసారి ములుగు వైపు నుంచి ఒకాయన జీపులో వచ్చాడు. "ఉస్తాద్, కుందేళ్లకు, కంజు పిట్టలకు ఏ రైఫిల్ మంచిగుంటది?" అన్నాడు. "ఇదే మంచిగుంటది. కాకుంటే దీనితోని పాటు ఒక వకీలును గూడ కొనుక్కో" అన్నారు ఉస్తాద్. తర్వాత చాయ్ తాగించి, వేట మీద ఉన్న చట్టం విడమరిచి చెప్పి, అట్ట మీద పది తూటాలు కాల్పించి పంపారు. ఆ మనిషి ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు.

ఆయన మాత్రం ఒకప్పుడు వేటాడారు. ఆ చట్టం రాకముందు, మీసాలు మొలిచే వయసులో, వాళ్ల మామతో ములుగు అడవికి పోయేవారట. సొంత పాయింట్ టూ టూ అప్పటిదే. వాన పడి రేంజ్ ఆగిపోయిన ఒక మధ్యాహ్నం నాకు చెప్పారు. "ఒక కుందేలుకు సరిగ తగల్లె. కుంటుకుంట పొదల్లకు పోయింది. పగటాల దాన్క దేవులాడిన, దొరకలె. అది ఏడనో పడి ఉన్నది, నేనేమో ఇంటికొచ్చి బువ్వ తిన్న." వానలోకి చూస్తూ, "అట్ట నయం బేటీ. పోయి చూస్తే ఏడ తగిలిందో చెప్తది" అన్నారు. చట్టం తర్వాత వచ్చింది, ఆయన అంతకుముందే మానేశారు.

ఎడమ భుజానికి మారాక నా చిల్లులు దగ్గరికి చేరడం మొదలైంది. కానీ నడుమ పడేవి కావు, ఓ పక్కకు పోయేవి. నేను సైటు తిప్పబోతే చేతి మీద కొట్టేవారు. "ముందు గుంపు కట్టనీ. అయిదు ఒక్కకాడ పడ్డయంటే నీ పని అయినట్టే. నడుమకు తెచ్చుడు రెండు తిప్పుల పని." నా జీవితంలో చాలా వాటికి ఈ మాట పనికొచ్చింది. పిల్లల జట్లు ఓడినప్పుడు నేనూ ఇదే చెబుతాను.

అయితే రేంజ్ రైఫిళ్లన్నీ కుడిచేతివే. వాటితో సర్దుకుంటూ రాష్ట్ర పోటీల అర్హతకు ప్రతిసారీ రెండు మూడు పాయింట్ల దూరంలో ఆగిపోయేదాన్ని. సొంత రైఫిల్ ఉండాల్సిందేనని ఉస్తాద్ పట్టుబట్టి నాతో లైసెన్సుకు అర్జీ పెట్టించారు. ఆఫీసుల చుట్టూ నాతో పాటు తిరిగారు. అది చేతికొచ్చేసరికి ఆయన దవాఖాన మంచం మీద ఉన్నారు. కాయితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి చదివి, "ఇగ మంచిది చూస్కో. ఎడమచేతిది. ఎవలన్న పాతది ఇస్తే మొగమాటపడకు" అన్నారు. "మీదే ఇస్తే?" అని అడిగాను. "నాది అసలే వద్దు. అది నా కొలతది" అన్నారు. నా మనసు కాస్త నొచ్చుకుంది.

ఆయన పోయేసరికి తుపాకీ కొనుక్కోవడానికి లైసెన్సులో ఇచ్చిన గడువు ఇరవై రోజులు మిగిలింది. మూడో రోజు వాళ్లింటికి పోయాను. మండిబజారు వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. కొడుకు లోపలి నుంచి ఆ పాత రైఫిల్ తెచ్చాడు. "అక్కా, దీన్ని స్టేషన్ల జమ చెయ్యాలె. నువ్వు తీస్కుంటనంటే కాయిదాల సంగతి నేను చూస్కుంట. నీకాడుంటే అబ్బా ఉన్నట్టే ఉంటది."

నాకు కావాలనిపించింది. ఎంతలా అంటే, బోల్టు తెరిచి ఖాళీ చూసుకునేటప్పుడే అది నాదనుకున్నాను. ఆయన చెంప ఆనిన చోట చెక్క నున్నగా నల్లబడి ఉంది. కళ్లు మూసుకుని ఎడమ భుజానికి ఆనించాను. తెరిచాను. సైటు లేదు, ఇనుము మాత్రమే కనిపించింది. భుజానికి ఆనే బట్ నాకు రెండంగుళాలు పొడుగు. భుజం వెనక్కి లాగి మళ్లీ చూశాను. మెడ కొంచెం చాపితే, తల కొంచెం వంచితే, కనిపించేలాగే ఉంది. సర్దుకోవచ్చులే అనుకున్నాను. పన్నెండేళ్లు సర్దుకోలేదా.

గోడకు ఆనుకుని కూర్చున్న ఉస్తాద్ భార్య, మా అందరి చాచీ, నన్నే చూస్తోంది. ఆమె ఎన్నడూ రేంజ్ గడప తొక్కలేదు. "మెడ ఒంచుతానవ్ బేటీ" అంది.

రైఫిల్ దించి ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "ఆయిన ఉంటే ఇయ్యనిచ్చెటోడా?" అంది. కొడుకు రైఫిల్‌ను గుడ్డలో చుట్టి మరునాడు జమ చేసి వచ్చాడు.

గడువు ముగిసేలోపు హైదరాబాదులో దుకాణానికి పోయాను. అమ్మేవాడు దుర్బిణీ బిగించినవి, మెరిసేవి ముందు పెట్టాడు. "కండ్లు మూసుకుంటా, ఒక్కోటి ఇయ్యి" అంటే నన్ను విచిత్రంగా చూశాడు. మొదటిది కాదు. రెండోది బరువు. మూడోది సాదా నల్ల చెక్కది, బోల్టు ఎడమవైపు. కళ్లు తెరిచాను. వెనక సైటు చిల్లు, ముందు సైటు వలయం, రెండూ నా కోసమే కాచుకున్నట్టు వరసలో ఉన్నాయి. మెడ కదలలేదు.

వచ్చే నెల అర్హత పోటీలు. మొన్న ఆదివారం మొదటిసారి దానితో కాల్చాను, అయిదు తూటాలు. సైటు తిప్పలేదు. చాచీ భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, గడప దాటదు. అందుకని చిల్లులు పడ్డ ఆ అట్ట కార్డును నేనే పట్టుకుపోయాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నడుమల లేవు గదనే" అంది.

"లేవు చాచీ. గుంపు కట్టినయ్."

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయి కార్డును వెలుతురుకు ఎత్తి పట్టింది. అయిదు చిల్లులూ ఒకదాన్నొకటి కొరుక్కుని ఒక్కటే అయ్యాయి. అందులోంచి ఎండ సన్నగా దిగి, గోడకు తగిలించి ఉన్న ఉస్తాద్ చొక్కా మీద, ఇంకా జేబులోనే ఉన్న టూత్ బ్రష్ పక్కన పడింది. చాచీ కార్డును కొంచెం కొంచెంగా జరిపి, ఆ వెలుగును జేబు నడుమకు తెచ్చింది.