నంద్యాల పోయొచ్చి మూగబోయిన కంప్యూటర్

మా ఆళ్ళగడ్డ వైపు బోరు మోటారు కాలిపోతే రివైండింగ్ షాపులో ఇచ్చేసి ఇంటికొచ్చేవాడు వెర్రివాడి కిందే లెక్క. దగ్గరే కూర్చోవాలి. లేకపోతే రాగి తీగ నొక్కేసి అల్యూమినియం చుడతారని భయం. మా నాయన అంతకంటే ఘనుడు. లోపలి భాగాలు మార్చేస్తారేమోనని, షాపుకు పోయే ముందే మోటారు లోపల ఎవరికీ కనపడని చోట రంగు చుక్క పెట్టేవాడు. తిరిగొచ్చాక ఆ చుక్క కనపడితేనే అన్నం ముట్టేది.

రెండువేల సంవత్సరం దాటాక మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది, మా చెల్లెలి కోసం. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుండేది. అది వింటూ టకటకా టైపు చేసేది. నంద్యాలలో ఒక ఆఫీసులో టైపింగ్ ఉద్యోగానికి పరీక్ష దగ్గర పడింది. ఆ పెట్టె మాట్లాడకపోతే ఆమెకు అది బేతంచెర్ల నాపరాతి బండతో సమానం.

ఆ ప్రోగ్రాంలో కొత్తది పాత విండోస్‌లో నడవదన్నారు. విండోస్ మార్పించి ఆ ప్రోగ్రాం వేయించడానికి నంద్యాల బయల్దేరే ముందు నాయన నా గోళ్ళరంగు సీసా అడిగి తీసుకున్నాడు. పెట్టె మూత విప్పి, ఒక్కో ముక్కా పీకి, చుక్క పెట్టి, మళ్ళీ గుచ్చాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఇది మంచి పనేనని నాకూ తోచింది.

షాపాయన పని చేస్తున్నంతసేపూ నాయన ఎదురుగా స్టూలు మీద కాపలా కూర్చున్నాడు. టీకి మాత్రం లేచాడట. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే బొమ్మలన్నీ వచ్చాయి, గొంతు రాలేదు. స్పీకర్లు ఊడదీసి వాక్‌మన్‌కు తగిలిస్తే పాటలు బ్రహ్మాండంగా పాడాయి. తీగలు మార్చి పెట్టాం, వాల్యూమ్ పెంచాం. సెట్టింగులన్నీ గాలిస్తే ఇందులో గొంతు పలికించే సౌండు కార్డే లేదని చూపిస్తోంది!

"టీకి పోయినప్పుడే మార్చినాడు, దొంగనాకొడుకు," అన్నాడు నాయన.

"ఆడికే తెప్పించుకోని తాగకపోయినావా నాయనా?" అని నేను మండిపడ్డాను.

చెల్లెలు మాత్రం కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని అలాగే కూర్చుంది. "అక్కా, ఇంక పరీక్ష ఎట్ల రాసేది?" అంది.

మర్నాడు పెట్టె, స్పీకర్లు మోసుకుని ముగ్గురం నంద్యాల పోయాం. "నిన్న స్పీకర్లు తేలేదు కదప్పా, సౌండు చూడలేదు. కొత్త విండోస్‌కు సౌండు డ్రైవర్ ప్రోగ్రాం వేస్తే సరిపోతాది," అని షాపాయన సీడీ పెట్టాడు. వేసినా కార్డు కనపడలేదు.

నాయన లేచాడు. "ఏందప్పా, మేమేమన్నా ఎర్రోళ్ళమనుకుంటాండావా? మంచి కార్డు పీకి చచ్చిపోయింది పెట్టినావ్!"

షాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. షాపాయన మొహం మాడిపోయింది. కార్డు పీకి నాయన చేతిలో పెట్టాడు. నాయన అటూ ఇటూ తిప్పాడు. చుక్క ఉంది. ఉంటే మాత్రం?

"చుక్క నువ్వు పెట్టుకోలేవా? గోళ్ళరంగు ఏ అంగట్లోనైనా దొరుకుతాది!" అన్నాడు నాయన.

"అవును మరి," అన్నాను నేను.

"ఇట్ల ఇయ్యి నాయనా," అని చెల్లెలు కార్డు తీసుకుని అంచు పొడుగునా వేలితో తడిమింది. ఒకచోట ఆగింది. "ఈడ ఏందో గట్టిగా అతుక్కోనుంది. చుక్క యాడ పెట్టినావు?"

"ఎవురికీ కనపడకూడదని… లోపలికి దూరే పండ్ల మీద."

బంగారు రంగులో ఉండే ఆ పళ్ళ మీద నా గోళ్ళరంగు పారి గట్టిపడింది. కరెంటు ఎట్లా పారుతుంది? షాపాయన థిన్నర్‌లో ముంచిన దూదితో రంగు తుడిచి, కార్డు గుచ్చి, డ్రైవర్ వేశాడు. పెట్టె గలగలా ఇంగ్లీషు మాట్లాడింది. చెల్లెలు నవ్వింది. "ఇంకోసారి నా షాపుకు రావద్దప్పా," అన్నాడాయన నాయనతో.

తిరుగు బస్సులో చెల్లెలు నోరు విప్పింది. "నీ మొగం వాళ్ళు రేపటికి మర్చిపోతారు నాయనా. నన్ను మర్చిపోతారా? యాడికి పోయినా, ఆ పొద్దు దొంగ అని అరిసిన ఆయప్ప బిడ్డ, ఆ కండ్లు లేని పాప అంటారు."

ఉద్యోగం ఆమెకే వచ్చింది, ముందే చెప్పేస్తున్నాను. పరీక్ష నాటి పొద్దున నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"నువ్వు రావద్దు నాయనా. అక్క కూడా వద్దు."

"ఒక్కదానివి ఎట్ల పోతావు? ఎవుడెట్లాంటోడో!"

"అడుగుతా పోతా. కండ్లుండేవోళ్ళు అందర్నీ అనుమానించొచ్చు. నేను మనుషుల్ని నమ్మకుంటే ఈ గడప కూడా దాటలేను నాయనా."

నాయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.