మాస్టారు చెప్పిన గోధుమల కాలేజీ

శనివారం ఉదయం మా అమ్మాయికి దోసె వేస్తుంటే ఫోన్ మోగింది. "నాన్న వెళ్ళిపోయారక్కా," అంది మాస్టారి కూతురు. దోసె మాడుతోందని అమ్మాయి అరిచేదాకా ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మాస్టారు నార్త్ కరోలినాలో మా పక్కింట్లో ఉండేవారు. ఎప్పుడో గుంటూరు నుంచి చదువుకోడానికి వచ్చి, ఇక్కడి ప్రభుత్వ కాలేజీలో అమెరికన్లకు అమెరికా చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా సాయంత్రం క్లాసు ఒకటి వదల్లేదు. మండు వేసవిలోనూ స్వెటర్ వేసుకుని బయల్దేరేవారు. మజ్జిగ సీసాను పక్క సీట్లో పెట్టి దానికి సీటుబెల్టు బిగించేవారు. మన చరిత్ర వదిలేసి వీళ్ళ చరిత్ర మీకెందుకని ఎవరైనా అడిగితే, "ఇన్నేళ్ళుగా వీళ్ళ రోడ్ల మీద తిరుగుతున్నా. ఆ రోడ్లు ఎవరు వేశారో తెలుసుకోవద్దూ?" అనేవారు.

నేను పెళ్ళయి వరంగల్ నుంచి వచ్చిన కొత్త. కెమిస్ట్రీ చదివినా డిపెండెంట్ వీసా వల్ల ఉద్యోగం చేయడానికి లేదు. ఒకరోజు పెరట్లో పండిన గోంగూర ఇవ్వడానికి వచ్చి, "మా కాలేజీలో చేరకూడదటమ్మా? చదవడానికి వీసా అడ్డం కాదుగా," అన్నారు.

"అది వీళ్ళ కాలేజీ మాస్టారూ. మనకెందుకు?" అన్నాను.

ఆయన వంటింట్లోనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఈ దేశంలో మొట్టమొదటి కాలేజీ ఎలా నిలబడిందో తెలుసా? అప్పట్లో మసాచుసెట్స్‌లో అన్నీ కొత్తగా వలస వచ్చినవాళ్ళ ఊళ్ళే. తమకే సరిగ్గా ఇళ్ళు లేని రోజుల్లో వాళ్ళ సభ కూర్చుని, కాలేజీకి జనం డబ్బు ఇద్దామని తీర్మానించింది. అది చాలక ఇంటింటినీ కాసిని గోధుమలు అడిగారు. నది దాటే పడవ మీద వచ్చిన రాబడి కూడా కాలేజీకే."

"గోధుమలిచ్చినోళ్ళ పిల్లలందరు అండ్ల చదివిన్రా?" నా వరంగల్ మాట బయటికొచ్చేసింది.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అదీ అడగాల్సింది! చాలామంది చదవలేదు. ఆడపిల్లల్నయితే గడప తొక్కనివ్వలేదు. వాళ్ళ తర్వాతివాళ్ళు అడిగారు, పోట్లాడారు, లోపలికొచ్చారు. జనం సొమ్ముతో కట్టింది ఏదైనా అంతేనమ్మా, అడిగేకొద్దీ తలుపు తెరుచుకుంటుంది."

ఆ సెమిస్టర్‌లోనే ల్యాబ్ కోర్సులో చేరాను.

చదువు సగంలో ఉండగా, బడ్జెట్ చాలదని సాయంత్రాలు కాలేజీ బిల్డింగ్ మూసేయాలన్న ప్రతిపాదన మన జిల్లాలాంటి ఇక్కడి కౌంటీ బోర్డు ముందుకొచ్చింది. పగలు పనిచేసుకునే వాళ్ళందరికీ సాయంత్రమే కాలేజీ. మా పాప చిన్నది, మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చాకే నేను కదలగలిగేదాన్ని. నా చదువూ ఆగిపోయేదే.

బోర్డు మీటింగ్‌లో మాట్లాడతానని మాస్టారు పేరిచ్చారు. అప్పటికే గొంతుకు ట్రీట్‌మెంట్ జరుగుతోంది. నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. ఆయన్ని పిలిచినప్పుడు లేచి మైకు దగ్గరికి వెళ్ళారు గాని మాట పెగల్లేదు. వెనక్కి తిరిగి నాకేసి చూసి, చేత్తో రమ్మన్నారు. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన మా వంటింట్లో చెప్పిందే నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను: గోధుమలు, పడవ, అన్నీ.

బోర్డులో ఒకాయన మర్యాదగానే అడిగాడు, "మీకిక్కడ ఓటుందా?"

"లేదండీ. సోమవారం పరీక్ష ఉంది," అన్నాను.

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. వారంలో రెండు సాయంత్రాలు తగ్గించి, మిగతావి ఉంచారు. నేను పొంగిపోతుంటే, కార్లో మాస్టారు పీలగొంతుతో, "ఆ రెండూ కూడా వచ్చే ఏడాది అడగాలి," అన్నారు.

అడిగాం. ఒకటి తిరిగొచ్చింది. వీసా మారాక నాకు మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు ఆయన తన స్వెటరొకటి తెచ్చిచ్చారు, "ల్యాబుల్లో మరీ చలి," అంటూ.

మొన్న ఫ్యూనరల్ హోమ్‌లో ఆయన్ని చివరిసారి చూడ్డానికి వెళ్ళాం. బయట కార్ల మధ్య ఒక పసుపు పచ్చ స్కూల్ బస్సు ఆగి ఉంది. దాన్ని నడిపే పెద్దావిడ సాయంత్రం క్లాసులో ఆయన స్టూడెంటట. డ్యూటీ మధ్యలో వచ్చింది. ఆయన్ని ఉంచిన పెట్టె దగ్గరికి వచ్చి, ఆయన షర్టు కాలర్ ఒక పక్క మడతపడి ఉంటే వేళ్ళతో సరిచేసింది. బయటికి వెళ్ళింది. స్కూలు వదిలే వేళయింది. ఖాళీ బస్సు మెల్లగా మలుపు తిరిగి, పిల్లల కోసం వెళ్ళిపోయింది.