ఫిన్నీ చెవి

గుణదలలో మేడమీద గదిలో చర్చి పాటలు రికార్డు చేసే ఫిన్నీకి చెవే ఆస్తి. చదువు అంతంతమాత్రం, మాట దురుసు, పాటగాళ్లని ఏడిపించడంలో దిట్ట. అయినా చుట్టుపక్కల ఊళ్ల గాయక బృందాలు వాడి దగ్గరికే వస్తాయి. ఇరవైమంది కలిసి పాడుతున్నా, శ్రుతి తప్పిన మనిషిని వేలెత్తి చూపిస్తాడని వాళ్ల నమ్మకం. అక్కడ కీబోర్డు వాయించేది నేను. తిట్లలో సగం వాటా నాదే.

ఏడాదిగా వాడికో పిచ్చి పట్టింది. నా సింథసైజర్ శబ్దం మందంగా వినిపిస్తోందట. "దుప్పటి కప్పి వాయిస్తున్నావారా పవన్?" అంటాడు. ముందు కేబుళ్లు మార్చాడు. తర్వాత, వచ్చిన శబ్దాన్ని పెంచి ఇచ్చే ప్రీయాంప్ మార్చాడు. అదీ నచ్చక, ఆ శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే కన్వర్టర్ మీద పడ్డాడు. తేమకి మెషిన్లు పాడవుతున్నాయని కృష్ణానదిని కూడా తిట్టాడు. నది పాపం ఏమీ అనలేదు.

నాకు మాత్రం నా వాయిద్యం ఎప్పటిలాగే వినిపిస్తోంది. ఆ మాట వాడితో అనడానికి భయపడ్డాను. అన్నానంటే, తేడా ఎక్కడుందో ఇద్దరికీ తెలిసిపోతుంది.

మొన్న రెండు కన్వర్టర్లు తెప్పించాడు, ఒకటి ఉంచుకోవడానికి. అలాంటప్పుడు మాకో పద్ధతుంది. నేను వాయించిన ఒకే ముక్కని రెంటి గుండా రికార్డు చేస్తాం. వాడు గోడవైపు తిరిగి కూర్చుంటాడు, నేను మార్చి మార్చి వినిపిస్తాను. పేరూ ధరా చూడకుండా చెవితోనే తేల్చాలి. ఈ ఆటలో వాడు తడబడగా నేను చూడలేదు.

మొదటిది పెట్టాను. సంగీతం వెనకాల సన్నగా, పదునుగా ఒక ఈల. పోయిన నెల ప్రీయాంప్ మళ్లీ మార్చాడు, ఈ కొత్తదాంతో నేను వాయించడం అదే మొదలు. వాడిప్పుడు లేచి తిడతాడని చూశాను. లేవలేదు. రెండోది పెట్టాను. అదే ఈల.

"రెండోదిరా. తేటగా ఉంది," అన్నాడు ఫిన్నీ, గోడకేసి తలాడిస్తూ.

ఈల మాటే ఎత్తలేదు.

అప్పుడే వాడి భార్య డయానా టీ తీసుకొచ్చింది. గుమ్మంలోనే మొహం చిట్లించింది.

"ఏంటండీ ఆ ఈల? చెవులు చిల్లులు పడేట్టుంది."

ఫిన్నీ ఇటు తిరిగాడు. "అదే చూస్తన్నా," అన్నాడు. మిక్సింగ్ బోర్డు మీద ఒక నాబ్ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. తిప్పుతున్నది అటు, చూస్తున్నది నా మొహంలోకి. పాట మీద పెట్టాల్సిన ధ్యాసంతా నా కనుబొమల మీద పెట్టాడు. డయానా కప్పులు పెట్టేసి కిందికి వెళ్లిపోయింది.

"పోయిందా?" అన్నాడు మెల్లిగా.

ఆ ప్రశ్న వాడు ఇంకొకరిని అడగడం నేనెప్పుడూ వినలేదు. అబద్ధమాడదామనిపించింది. నోరు రాలేదు.

"లేదురా. ఉంది."

"పోయిన నెల గుడివాడ వాళ్ల క్రిస్మస్ పాటలు కూడా ఈ ప్రీయాంప్‌తోనే చేశా," అన్నాడు. "తీసుకెళ్లాక మళ్లీ ఫోన్ చెయ్యలేదు. నచ్చాయి కాబోలు అనుకున్నా."

నన్ను లేపి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. అందులో వాడు ఎవర్నీ కూర్చోనివ్వడు. గుడివాడ పాటల్లో మొదటిది పెట్టి నాకెదురుగా నిలబడ్డాడు. ఎవరో అమ్మాయి చక్కగా పాడుతోంది. వెనకాల ఈల.

"ఉందా?"

"ఉంది."

"పైకే వినపడతందా?"

"ఊఁ."

రెండో పాట పెట్టాడు. చూపు నా మొహం మీదే ఉంది.