ఎలుకల వాటా

రైతు నాట్లు ఎప్పుడు వేస్తాడో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ ఒకటి తయారుచేస్తూ, అనంతపురం నుంచి కృష్ణా డెల్టాకి వెళ్లాను. అవనిగడ్డ బస్సులో నా పక్కన కూర్చున్న ఏసుబాబు గారు కౌలు రైతు. వాన చూసి వేస్తారా, కాలువ నీళ్లు చూసి వేస్తారా అని అడిగాను.

“పక్క చేలవాళ్లని చూసండీ. అందరం ఒకే వారంలో వేస్తే ఎలుకలు ఒక్కో చేలో కాస్త కాస్త తింటాయి. ఒక్కడే వేస్తే మొత్తం వాడి మీదే పడతాయి.”

నా మోడల్లో ప్రతి రైతూ ఒంటరిగానే నిర్ణయం తీసుకుంటాడు. సిగ్గేసింది. దిద్దుకుందామని నోట్‌బుక్ తీసి, ఈసారి ఎప్పుడు వేశారని అడిగాను.

“ఈసారి చూడ్డానికి ఎవరూ లేరండీ. చుట్టూ ప్లాట్లు వేసేశారు. ఊరుకోలేక ఒక్కణ్నే వేశాను. వరి వెన్ను కూడా తీయనివ్వలేదండీ ఎలుకలు.”

నోట్‌బుక్ మూసేశాను. మోడల్లో ఇక దిద్దాల్సిందేమీ లేదు.