హాట్ ప్రెస్‌లో తేలు పిల్లలు

మా పై గదిలో అద్దెకుండే చాముండేశ్వరి డాక్టరు. పొదిలి పిల్ల. వాళ్ల అమ్మమ్మ పేరు పెట్టారట. హాస్పిటల్లో ఎవరికీ నోరు తిరగక చాము అంటారు. ఇంటి లీజు మా పేరు మీద, పైన ఆ ఒక్క గది ఆమెది. నవ్వితే కూడా చప్పుడు రాని మనిషి. ఈ పరాయి దేశంలో, ఆడమ్స్‌టౌన్ లాంటి ఊళ్లో ఇలాంటి పిల్ల అద్దెకు దొరకడం మా అదృష్టమనుకున్నాను, కరోనా వచ్చేదాకా.

కరోనా వచ్చాక ఆమె అడుగుల చప్పుడు వింటేనే నాకు దడ. రోజూ ఐసీయూలో డ్యూటీ. మా చాందిని అప్పుడప్పుడే పాకుతోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, ఊపిరితిత్తులు బలహీనమని పుట్టినప్పుడే చెప్పారు. దానికేమైనా అయితే నేను బతకను. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడి డాక్టర్లకు చప్పట్లు కొట్టిన సాయంత్రం నేనూ కొట్టాను. కొట్టి లోపలికొచ్చి, ఆమె గది ముందు కార్పెట్ మీద అడ్డంగా పచ్చ టేపు అంటించాను.

"మేం పైన లేనప్పుడే ఈ గీత దాటు తల్లీ. ఏమీ అనుకోకు" అన్నాను.

"అలాగే అక్కా" అంది. కోప్పడి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

ఇది చాలదన్నట్టు, మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, తేలొకటి ఇంట్లోకి వచ్చి పడింది. ఆమెతో పనిచేసే బ్రెజిల్ నర్సు, విమానాలు ఆగిపోతున్నాయని హడావుడిగా ఊరెళ్లిపోతూ, తను పెంచుకునే తేలును గాజుపెట్టెతో సహా ఈమె చేతిలో పెట్టింది. అరచేయంత మండ్రగబ్బ! ఎవరైనా కుక్కపిల్లను పెంచుకుంటారు, పిల్లిని పెంచుకుంటారు. తేలేమిటండీ?

"దానికింకెవరూ లేరక్కా" అంది.

"మాకు మాత్రం ఎవరున్నారే?" అన్నాను.

చిన్నప్పుడు మా మేనత్త కొడుకును ఎర్ర తేలు కుట్టింది. ఒళ్లంతా చెమటలు పట్టి, తెల్లారకుండానే పోయాడు. తేలంటే నాకు గుర్తొచ్చేది వాడే. ఈ ముక్క చెబితే చాముండేశ్వరి తల వంచుకుంది. ఊళ్లో పనిచేసినప్పుడు అలాంటి పిల్లల్ని ఆమె చాలామందిని చూసిందట. "ఇది ఆ జాతి కాదక్కా, దీనికి విషం తక్కువ" అంది. తక్కువైతే మాత్రం? నా పిల్లా చిన్నదే కదా.

నెల తిరక్కుండానే అది పిల్లల్ని పెట్టింది. చాముండేశ్వరి గీత అవతలి నుంచే పెట్టె ఎత్తి చూపించింది. తల్లి వీపు నిండా తెల్లటి పిల్లలు, బియ్యపు గింజలకు కాళ్లొచ్చినట్టు.

"తేలు పిల్లలు తల్లినే తినేస్తాయంటారు కదే?"

"అదంతా ఉత్తదే అక్కా. ఆకలేస్తే తల్లే వీటిని తింటుంది. ఇవీ ఒకదాన్నొకటి తినేస్తాయి. వీపు దిగగానే దేని డబ్బాలో దాన్ని పెట్టేయాలి."

ఆమెకు మాత్రం అవే లోకం. డ్యూటీ నుంచి వచ్చి, తల స్నానం చేసి, మట్టి మీద నీళ్లు చిలకరించి, పట్టకారుతో కీచురాయి పిల్లల్ని అందించేది. తలుపు వెనకాల గొంతు వినిపించేది. "తిను నాన్నా. నువ్వైనా తిను." ఆ "నువ్వైనా" విన్నాక హాస్పిటల్లో ఆ రోజు ఏం జరిగిందో అడగాలంటే భయం.

హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ల ట్యాంకుండే అల్మరా. ఇక్కడివాళ్లు అందులో తువ్వాళ్లు ఆరేస్తారు, మనవాళ్లు దోసెల పిండి పులియబెడతారు. ఈ చలిలో మరోచోట పిండి పులిసి చస్తే కదా! మా ఇంట్లో అది పైన, ఆమె గది పక్కనే ఉంటుంది.

ఆ ఆదివారం పొద్దున చాందినిని చంకనేసుకుని పిండి తెచ్చుకుందామని పైకెళ్లాను. తలుపు తీస్తే పిండి పొంగి, గిన్నె దాటి, కింది అరలోకి కారుతోంది. అక్కడ ఒక ట్రే నిండా పెరుగు కప్పులు, మూతలకు సూది బెజ్జాలు, లోపల మట్టి. టొమాటో నారు పోసింది కాబోలు అనుకున్నాను. లాక్‌డౌన్‌లో అందరూ అదే పని మీద ఉన్నారు. పిల్లను కిందకు దింపి, తుడుద్దామని ట్రే లాగాను. ఒక కప్పు జారి పడి మూత ఊడింది. మట్టిలోంచి వేలిగోరంత తేలు పిల్ల తోక ఎత్తుకుని బయటికొచ్చింది.

"అమ్మో! తేలు!"

నా కేకకు చాందిని గుక్కపట్టింది. లటుక్కున ఎత్తుకున్నాను. కిందకు చూస్తే తేలు లేదు. మట్టి ఉంది, కప్పు ఉంది, తేలు లేదు.

మా ఆయన త్రినాథ్ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"ఇందులో తేళ్లున్నాయని నీకు తెలుసా?"

"గదిలో రాత్రిళ్లు చల్లబడిపోతోంది, ఇక్కడ పెట్టుకోనా అని అడిగింది. నీకు చెప్తే ఉంచనిస్తావా అని..." తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

తిట్టడానికి కూడా టైం లేదు. పిల్ల మొహం నల్లబడుతోంది, ఊపిరి తిరగట్లేదు. కుట్టిందో, ఎక్కడ కుట్టిందో తెలియదు. ఆదివారం, జీపీ అనే మా ఫ్యామిలీ డాక్టరు ఉండడు. హాస్పిటల్‌కి తీసుకెళ్దామంటే అక్కడంతా కరోనా. మేనత్త కొడుకు మొహం కళ్ల ముందు కదులుతోంది.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. నైట్ డ్యూటీ చేసి పడుకున్న మనిషి, చెదిరిన జుట్టు, మొహానికి మాస్కు. నా కేకకు లేచినట్టుంది. పరుగున వచ్చి టేపు దగ్గర ఆగిపోయింది.

"అక్కా, నన్ను రమ్మంటారా?"

చాందిని అలా గుక్కపట్టి ఉంటే ఆ పిచ్చి పిల్ల నన్ను పర్మిషన్ అడుగుతోంది! ఒక పక్క తేలు, ఒక పక్క కరోనా. దేనికి భయపడాలో తెలియలేదు. "అడుగుతావేంటే, చూడు!" అని అరిచి, నేనే గీత దాటి పిల్లను ఆమె చేతుల్లో పెట్టాను.

చాందినికి ఊపిరి తిరిగింది. ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. చాముండేశ్వరి కాళ్లు చూసింది, చేతులు చూసింది, మెడ చూసింది. పిల్ల గౌను కుచ్చుల్లో ఉంది ఆ తేలు. ఉత్త వేళ్లతోనే తీసి కప్పులో వేసి మూత పెట్టింది.

"కుట్టిందా?" అన్నాను.

"నన్ను కుట్టింది. చీమ కుట్టినట్టుంది, అంతే. పాపను కుట్టలేదక్కా, మీ కేకకి జడుసుకుంది."

నేను చేతులు చాపాను. ఆమె ఇవ్వలేదు. పిల్ల వీపు మీద చెవి ఆనించి వింటూ అలాగే నిలబడింది. మాస్కు తడిసిపోతోంది.

"ఊపిరి ఎంత బాగా తీస్తుందక్కా!" అంది. "ఇలా తీసేవాళ్లను చూసి ఎన్నాళ్లయిందో."

నా భయం పోయిందనుకునేరు. పోలేదు. ఆమె చేతులు పిల్లను ఎక్కడెక్కడ తాకుతున్నాయో నా కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. అయినా చాపిన చేతులు కిందకు దించుకున్నాను.

"కూర్చో చామూ, కాళ్లు లాగుతాయి" అన్నాను.