ఓట్లడిగిన జార్

నంద్యాలలో చరిత్ర పాఠాలు చెప్పే నేను, జార్‌లంటే రష్యావాళ్లే అనుకునేవాణ్ణి. బల్గేరియాకూ జార్‌లున్నారని, చివరివాడు చిన్నపిల్లాడిగా సింహాసనం పోగొట్టుకుని, అర్ధశతాబ్దం పరాయిదేశంలో గడిపి, తిరిగొచ్చి ఓట్లతో ప్రధాని అయ్యాడని చదివిన రోజు నా కాళ్లు నేలమీద నిలవలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కి పోయి నాయనకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

కౌన్సిలర్‌గా పోటీచేసి ఓడినప్పటి నుంచి వార్డులో ఏ పెండ్లికీ, ఏ చావుకూ తప్పనివాడు నాయన. అప్పుడూ చాగలమర్రిలో జరిగే వార్డువాళ్ల పెండ్లికని చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు.

"అన్నేండ్లు పెండ్లికి రాల్యా, చావుకు రాల్యా. అయినా ఓట్లేసినారా?"

"కుప్పలుగా ఏసినారు నాయనా!"

"మరి నేనెందుకురా ఇట్ల తిరుగుతాండా?" అని ఎగిరిపడి, అదే చొక్కా తొడుక్కుని చాగలమర్రి బస్సుకు పరుగెత్తాడు.